మా చర్చి గోడ మీద ఫై పన్నెండు

నేను ఐదేళ్లు తేలిక కణం మీద పరిశోధన చేశాను. తేలిక అంటే బరువు లేనిదని నా ఉద్దేశం. మా శంషాబాద్ వాడకట్టులో దాన్ని అల్కటిది అంటారు. అల్కటిది అంటే బరువు లేనిదీ అవుతుంది, సులువైనదీ అవుతుంది. అమ్మ ఈ చిక్కు పట్టించుకోకుండా నల్లా దగ్గర అందరికీ గర్వంగా చెప్పేది.

"మా బిడ్డ లోకంల అన్నిటికన్న అల్కటి దాని మీద సదువుతున్నది."

పక్కింటామె బిందె నడుముకెత్తుకుంటూ, నిజంగానే జాలిపడి అడిగింది. "అల్కటి దానికే గిన్నేండ్లైతె, కష్టమైంది ఎప్పుడు సదువుతది అక్కా?"

ఆ ప్రశ్నను అమ్మ నీళ్ల బిందెతో పాటు ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది.

తొంభైల చివరి రోజులవి. పొద్దున్నే శంషాబాద్‌లో బస్సెక్కి, ఆరాంఘర్ దగ్గర దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని యూనివర్సిటీకి పోయేదాన్ని. బాపు తాపీ మేస్త్రి. మా చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ఇల్లు తక్కువ. ఆ ఏడు మా చర్చికి కొత్త హాలు కడుతున్నారు, ఆ పని కూడా బాపుదే. ఊరందరి ఇళ్లూ కట్టడం ఒక ఎత్తు, దేవుడి ఇల్లు కట్టడం ఒక ఎత్తు. రసమట్టం చేతిలోంచి దించేవాడు కాదు. అందులో బుడగ వెంట్రుకవాసి పక్కకు జరిగినా కట్టిన వరుస విప్పించేవాడు. "దేవునికి వంకర కనపడదా?" అనేవాడు.

నా పరిశోధన ఏమిటో ఒక్కసారి చెప్పేస్తాను, తర్వాత ఇబ్బంది ఉండదు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి, ఆ ఉబ్బు చుట్టూ కాలువలా లోతున్న ఒక పళ్లెం అనుకోండి. ఉబ్బు మీద ఒక గోలీ పెట్టారు. అక్కడున్నంతసేపూ గోలీకి అన్ని దిక్కులూ ఒకటే. దాన్నే మేం సౌష్ఠవం అంటాం. కానీ గోలీ అక్కడ నిలవదు. ఎవరూ తొయ్యకుండానే ఏదో ఒక పక్కకు జారి కాలువలో పడుతుంది. పడ్డాక ఇక అన్ని దిక్కులూ ఒకటి కావు. సౌష్ఠవం దానంతటదే భంగమైంది. కాలువ నున్నగా, గుండ్రంగా ఉంటే గోలీని చిటికెన వేలితో తాకినా చాలు, చుట్టూ తిరుగుతుంది. ఆ శ్రమ లేని కదలికే మా లెక్కల్లో బరువు లేని కణం. అట్లా కాక కాలువలో విడివిడిగా గుంటలున్నాయనుకోండి. గోలీ ఒక గుంటలో పడి కూర్చుంటుంది. పక్క గుంటలోకి పోవాలంటే గట్టెక్కాలి. గట్టెక్కే శ్రమే కణానికి బరువు. కాబట్టి గుంటలున్న చోట తేలిక కణం ఉండకూడదు.

నా పళ్లెంలో పన్నెండు గుంటలున్నాయి. పెట్టింది నేనే. అయినా లెక్క కడితే కణం బరువు సున్నా వచ్చింది.

మా గైడ్‌గారు కోస్తా మనిషి. చొక్కా ఎంత ఇస్త్రీగా ఉండేదో మాటా అంత ఇస్త్రీగా ఉండేది. తిట్టినా, మెచ్చుకున్నా, సెలవు చీటీ మీద సంతకం పెట్టినా "చూడమ్మా" అనే మొదలుపెట్టేవారు.

"చూడమ్మా, గుంటలున్నాయంటున్నావు. బరువు సున్నా అంటున్నావు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలి. ఎక్కడో గుర్తు తప్పి ఉంటుంది. వెతుక్కో."

నోట్సు తెరిచి కూడా చూడలేదు. ఆయన చూడలేదని నాకు ధైర్యంగా అనిపించింది, ఎందుకంటే నా దస్తూరీ చూస్తే ఇంకో నాలుగు మాటలు పడేవి.

మూడు నెలలు వెతికాను. ప్లస్సులు మైనస్సులు చేశాను. మైనస్సులు ప్లస్సులు చేశాను. ఒక మంగళవారం బరువు సున్నా కాకుండా వచ్చింది. ఆ సంతోషంలో అమ్మకు చెప్పి చికెన్ వండించుకున్నాను. బుధవారం మళ్లీ చూస్తే, మూడు నెలల్లో నేను నిజంగా గుర్తు తప్పింది ఆ మంగళవారం ఒక్కరోజే.

తర్వాత డిపార్ట్‌మెంటుకు పోబుద్ధి కాలేదు. జ్వరమని ఒక చీటీ పంపి ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో కూర్చుంటే అమ్మ మొహం చూడలేక, చర్చి పని దగ్గరికి పోయి కొత్త గోడలకు నీళ్లు కొట్టేదాన్ని. సిమెంటు పని మీద రోజుకు రెండుసార్లు నీళ్లు కొట్టాలి, లేకపోతే పగుళ్లు వస్తాయి. నా చదువుకంటే ఆ పని నయమనిపించింది. నీళ్లు కొడితే గోడ గట్టిపడుతుంది. అంతే. ఎవరూ గుర్తు తప్పిందనరు.

ఆ రోజుల్లో మా వైపు విమానాల అడ్డా వస్తుందని ఒక పుకారు. ఎప్పుడొస్తుందో, ఏ చెలకలో వస్తుందో ఎవరికీ తెలియదు. విమానాలు రాలేదు గానీ సెలవు రోజుల్లో నగరం నుంచి స్కూటర్లు మాత్రం వచ్చేవి. రాళ్లు పాతిన ఎర్రమట్టి చెలకల్లో మొగుడూ పెళ్లాం నిలబడి, ఇంకా లేని ఇంట్లో వంటగది ఎటుండాలని పోట్లాడుకునేవారు.

రెండో శనివారం పొద్దున నేను చర్చి వరండాలో గొట్టం పట్టుకుని ఉండగా బెంగుళూరు రోడ్డు మీంచి ఒక స్కూటరు మా సందులోకి తిరిగింది. నడిపే మనిషి చొక్కా ఇస్త్రీ నలగలేదు. నేను గొట్టం వదిలేసి సిమెంటు బస్తాల వెనక కూర్చున్నాను. జ్వరమున్న మనిషి గోడలకు నీళ్లు కొట్టడం ఎవరికైనా అనుమానమే కదా.

అమ్మ అప్పుడే బాపుకు చాయ్ తెచ్చింది. "సార్, మా బిడ్డనా? గాడ బస్తాల ఎన్క ఉన్నది సార్" అని చేత్తో చూపించింది.

లేచి నిలబడ్డాను. చేతుల నిండా సిమెంటు.

"ఇటువైపు చిన్న పని ఉండి వచ్చానమ్మా. జ్వరమన్నావుగా, ఒకసారి చూసి పోదామని."

ఆయన బూట్లకు ఎర్రమట్టి ఉంది. చొక్కా జేబులోంచి మడతపెట్టిన లేఅవుట్ కాగితం తొంగిచూస్తోంది. అమ్మ నా చెవిలో, వాడకట్టంతా వినేంత మెల్లగా అంది. "ప్లాటు చూస్తానికి వచ్చిండు."

గైడ్‌గారు వినలేదనే నటించారు. ఆయన కోసం లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడకు వేశాం. ఎదురుగా బాపు హౌజు కడుతున్నాడు. చర్చికి వచ్చేవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి గుండ్రటి నీళ్ల హౌజు. మధ్యలో మేకు కొట్టి, దానికి దారం కట్టి, దారం చివర ఎక్కడికొస్తే అక్కడ ఇటుక పెడుతున్నాడు. గైడ్‌గారు నా జ్వరం సంగతి మర్చిపోయి, చాయ్ గ్లాసు పట్టుకుని అదే చూస్తున్నారు.

"మేస్త్రిగారూ, గుండ్రంగా కట్టాలంటే వంపు ఇటుకలు చేయించుకోవాలా?"

బాపు నవ్వాపుకున్నాడు. "వంకర ఇటుక యాడ దొరుకుతది సార్? ఇటుక సక్కగనే ఉంటది. నాలుగు దిక్కుల పెడితె చౌకం అయితది. ఎన్మిది దిక్కుల పెడితె ఎన్మిది మూలలైతయి. ఇగ మస్తుగ పెట్టుకుంట పోతె గుండ్రమైతది."

"నిజంగా గుండ్రమవుతుందా, అయినట్టు కనిపిస్తుందా?"

బాపు తాపీ పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్ల పనిలో ఈ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. మెడ మీది తువ్వాలతో చెమట తుడుచుకుని ఆలోచించాడు.

"కనిపిస్తది సార్. నిజానికైతె కాదు. మూలలు మూలలే. కని మీరు చెయ్యేసి నిమిరితె దొరకయి. గోటితోని గీకితె దొరుకుతయి."

గైడ్‌గారు చాయ్ గ్లాసు నేల మీద పెట్టేశారు. నా వైపు తిరిగారు.

"పొటెన్షియల్ ఎన్నో ఘాతం దాకా రాశావు?"

"నాలుగు దాకా సార్. అందరూ నాలుగు దాకానే కదా రాస్తారు."

"నాలుగు దాకా అది గుండ్రమే కదమ్మా!" గట్టిగా అరిచారు. ఇసుక జల్లెడ పడుతున్న కూలి ఆమె జల్లెడ ఆపి మావైపు చూసింది. "నీ గుంటలు పన్నెండులో ఉన్నాయి! నువ్వు నాలుగు దగ్గర ఆగిపోయి గుంటలేవని ఏడుస్తున్నావు!"

విషయం ఇంతే. మా పళ్లెం ఆకారాన్ని ఫై అనే అక్షరంతో మెట్లు మెట్లుగా రాస్తాం. ఫై రెండో ఘాతం, నాలుగో ఘాతం, అట్లా పైకి. నాలుగో మెట్టు దాకా పళ్లేనికి తనలో పన్నెండు గుంటలున్న సంగతే తెలియదు. నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఆ సంగతి మొదటిసారి తెలిసేది పన్నెండో మెట్టులో. ఆ మెట్టు ఎంత చిన్నదంటే, గుంటలు గోటితో గీకితే తప్ప దొరకవు. కాబట్టి కణం బరువు సున్నా కాదు. సున్నాకు కొంచెం పైన. గుంటలూ నిజమే, తేలికా నిజమే. నేను తప్పు చేయలేదు, లెక్కను ముందే ఆపేశాను. ఇప్పుడు నా విద్యార్థులు దీన్ని ఐదు నిమిషాల్లో చెప్తారు. నాకు మూడు నెలలు, మా గైడ్‌గారికి ఒక హౌజు కావలసి వచ్చాయి.

ఆయన కాగితం కోసం జేబులు తడిమారు. దొరికింది లేఅవుట్ కాగితం ఒక్కటే, దాన్ని మళ్లీ లోపలికి తోసేశారు. బాపు చెవి మీదున్న లావు ఎర్ర పెన్సిల్ అడక్కుండానే తీసుకుని, వరండా గోడ దగ్గరికి పోయి, రెండ్రోజుల కింద బాపు అద్దంలా తీర్చిన ప్లాస్టరింగ్ మీద రాయడం మొదలుపెట్టారు. ఒక వరుస, దాని కింద ఇంకో వరుస. చివర ఒక్క పదాన్ని ఒత్తి ఒత్తి దిద్ది, చుట్టూ గీత గీశారు. ముందు ఎప్సిలాన్, అంటే చాలా చిన్న సంఖ్య. తర్వాత ఫై. దాని నెత్తిన పన్నెండు.

బాపు మొహం చూడలేకపోయాను. కూతురి గురువు. ఏమనగలడు?

"సోమవారం రా. జ్వరం తగ్గిపోయింది నీకు" అని చెప్పి గైడ్‌గారు స్కూటరెక్కారు.

ఆయన సందు దాటాక బాపు గోడను రెండు నిమిషాలు చూశాడు. "మంచోడే. కని గోడ మీద రాసుడేంది?" అన్నాడు. "సున్నం కొడితె పోతది తియ్యి."

ఆ సాయంత్రం నేనే గోడకు నీళ్లు కొట్టాను. పైపై రాసిన వరుసలన్నీ కారిపోయాయి. ఒత్తి దిద్దిన ఆ ఒక్క పదం మాత్రం చుట్టూ గీతతో సహా నిలిచింది. దాన్ని తుడిచేయడానికి నాకే మనసు రాలేదు. జరిగిన దాంట్లో నా తప్పు అదే.

సోమవారం నేను యూనివర్సిటీకి పోయాను. బాపు బండల కోసం మంఖాల్ పోయాడు. మేమిద్దరం లేని పూట మా సంఘ పెద్ద పని చూడ్డానికి వచ్చాడు. మా చర్చి కమిటీలో అందరికంటే పెద్దవాడు ఆయన. నేను పెద్దబాపూ అని పిలిచేదాన్ని. ఒక ఇంజనీర్ల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నక్షలు గీసింది ఆయన కాదు, మడతపెట్టి బీరువాలో పెట్టింది ఆయన. కానీ ముప్పై ఏళ్లు మడతపెట్టేసరికి తెరవకుండానే చదవగలనన్న నమ్మకం కలిగింది.

ఇంజనీర్ల నక్షల్లో, సున్నాకు నిలువుగీత కొట్టినట్టుండే ఫై గుర్తుకు ఇనుప సలాక మందం అని అర్థం. ఫై పక్కన పన్నెండు ఉంటే పన్నెండు ఎం.ఎం. సలాక. మా గైడ్‌గారి ఎప్సిలాన్ అచ్చం తిరగేసిన మూడులా ఉంటుంది. పెద్దబాపు గోడ ముందు నిలబడి చదివాడు. మూడు సలాకలు, ఒక్కొక్కటి పన్నెండు ఎం.ఎం. వరండా పైన పడాల్సిన బీముకు బాపు అనుకున్నవీ మూడే, కానీ పది ఎం.ఎం.వి.

"ఎవలు రాసిండ్రు గిది?" అని కూలి ఆమెను అడిగాడు.

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. "సిటీకెళ్లి పెద్ద సారు వచ్చిండు. స్కూటర్ మీద. మేస్త్రిని ఏందేందో గుచ్చి గుచ్చి అడిగిండు. మేస్త్రి చెమటలు తుడుసుకున్నడు. ఆఖరికి సారు గట్టిగ ఒర్రి, గోడ మీద రాసి, మేస్త్రి బిడ్డెను కోపం చేసి పోయిండు."

ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు.

మధ్యాహ్నానికల్లా మా సంఘమంతటికీ ఒక విషయం తెలిసిపోయింది. పై ఆఫీసు నుంచి ఇంజనీరు రహస్యంగా వచ్చి చూశాడు, మేస్త్రి వేసే బీము ఆగదన్నాడు, కొత్త కొలత రాసి పోయాడు. పెద్దబాపు అప్పుడే లావు సలాకలకు మనిషిని పంపించాడు. బాపు మంఖాల్ నుంచి బండల ట్రాక్టరు మీద వచ్చేసరికి, ఇంకా స్లాబే పడని వరండాకు భయపడి జనం వెనక తలుపు నుంచి చర్చిలోకి పోతున్నారు.

"గది సలాకలది కాదు. మా బిడ్డ సదువు" అన్నాడు బాపు.

"నీ బిడ్డ అల్కటి దాని మీద గద సదివేది? సలాక అల్కగ ఉంటదా?" అన్నాడు పెద్దబాపు.

నేను ఇంటికొచ్చేసరికి బాపు మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం తినలేదు. ముప్పై ఏళ్లలో కట్టిన ఏ గోడా బీటలివ్వలేదు. ఇప్పుడు గోడ నిలబడే ఉంది, బాపు పేరు బీటలిచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నా పరిశోధనతో లోకంలో ఒక్క మనిషికైనా ఏదైనా జరిగిందంటే ఇదే మొదలు.

బుధవారం ప్రార్థన అయ్యాక కమిటీ కూర్చుంది. పెద్దబాపు, ఇంకో ఇద్దరు సభ్యులు, మా పాస్టరుగారు. పాస్టరుగారిని మేమంతా అయ్యగారు అంటాం. బాపు ఒక మూల కూర్చున్నాడు. అమ్మ వాకిట్లో నిలబడింది. నేను ఇంట్లో ఉన్న సొట్ట పళ్లెం తీసి, అడుగునుంచి గుద్ది మధ్యలో ఉబ్బు చేసి, ఒక గోలీతో సహా పట్టుకుపోయాను. నా జీవితంలో మొదటి సెమినార్ యూనివర్సిటీలో ఇవ్వలేదు. చాప మీద కూర్చుని ఇక్కడ ఇచ్చాను.

"ఇది సలాక కాదు పెద్దబాపూ. ఫై. ఒక కణానికి గుర్తు."

"సలాకను గుడ ఫై అనే అంటరు బిడ్డ. మా ఆఫీసుల ముప్పై ఏండ్లు అన్నరు."

"ముందరున్నది మూడు కాదు. ఎప్సిలాన్ అంటరు. చాలా చిన్న సంఖ్య అన్నట్టు."

"మూడు చిన్న సంఖ్యనే గద."

ఇంకో సభ్యుడికి అనుమానం వచ్చింది. "సలాక కొలతైతె పక్కకు రాయాలె. పన్నెండు పైకి ఎందుకు రాసిండు?"

నా ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోపు పెద్దబాపు జవాబిచ్చాడు. "పైన పడే బీము కాబట్టి."

అందరూ తలలూపారు. నేను పళ్లెం ముందుకు తీసి, గోలీని ఉబ్బు మీద నిలబెట్టి, "ఇప్పుడు దీనికి అన్ని దిక్కులూ ఒకటే, చూడండి" అన్నాను. గోలీ జారింది. కాలువలో ఆగకుండా పళ్లెం అంచు ఎగిరి దూకి పెద్దబాపు చాప కిందికి పోయింది. ఐదు నిమిషాలు కమిటీ మొత్తం లేచి గోలీని వెతికింది. అయ్యగారే పట్టుకుని నా చేతిలో పెట్టారు.

"నువ్వు చెప్పే కణం ఎంత బరువుంటదమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

"దాదాపు ఏం ఉండదు అయ్యగారూ."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఇంకా లేదు అయ్యగారూ."

పెద్దబాపు చేతులు చాచాడు. "బరువు లేదు. కండ్లకు కనపడది. గసొంటి దాని కోసం సిటీకెళ్లి స్కూటర్ మీద ఇంత దూరం వస్తడా సారు?"

నిజానికి సారు వచ్చింది ప్లాటు కోసం. కానీ గురువు పరువు తీసే ఆ మాట నా నోటికి రాలేదు. వాకిట్లో అమ్మ నోటికి రాబోతుంటే కళ్లతోనే ఆపాను.

మర్నాడు గైడ్‌గారికి మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. గోడ మీద రాసినందుకు ఎంతో సిగ్గుపడ్డారు. "మీ నాన్నగారు ఏమన్నారు?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత డిపార్ట్‌మెంటు కాగితం తీసి, తన చేత్తో, తెలుగులో ఒక ధ్రువపత్రం రాశారు. ఫలానా చర్చి గోడ మీద తాను రాసిన గుర్తు ఒక స్కేలార్ క్షేత్రాన్ని సూచిస్తుందనీ, దానికీ ఏ విధమైన ఇనుప సలాకకూ సంబంధం లేదనీ, మేస్త్రిగారి పనిలో తనకే దోషమూ కనిపించలేదనీ, పైగా ఆయన చెప్పిన ఒక మాట వల్ల తమ పరిశోధన ముందుకు సాగిందనీ అందులో ఉంది. కింద సంతకం, ముద్ర.

పెద్దబాపు దాన్ని మూడుసార్లు చదివాడు. స్కేలార్ క్షేత్రం దగ్గర ఆగలేదు. ముద్ర దగ్గర ఆగాడు. వెలుతురుకెత్తి చూశాడు. "గుండ్రటి ముద్ర" అన్నాడు. ముప్పై ఏళ్ల గుమాస్తాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. లేచి తిన్నగా మా ఇంటికి వచ్చి, మంచం మీదున్న బాపు పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నాది తప్పైంది."

అమ్మ ఇద్దరికీ చాయ్ పెట్టింది. చాయ్ సగమయ్యాక పెద్దబాపే గొంతు సవరించుకున్నాడు. "కని సలాకలైతె వచ్చినయి. వాపస్ తీసుకోరంట."

"ఏస్త తియ్యి" అన్నాడు బాపు. "నా లెక్కకు పది సాలు. సంఘం భయానికి పన్నెండు."

ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగం ఆపి, ఆ కాగితాన్ని అందరికీ చదివి వినిపించారు. బాపు తల దించుకుని కూర్చున్నాడు గానీ చెవులు ఎర్రబడడం నాకు వెనకనుంచి కనిపించింది. స్లాబు పడ్డ రోజు కూలి ఆమెతో సహా అందరం తట్టలందుకున్నాం. గైడ్‌గారు కూడా వచ్చారు, ఈసారి నలిగిన చొక్కాతో. బాపు పెన్సిల్‌ను చెవి మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

నా లెక్క ఆ తర్వాత సాఫీగా సాగింది. రాసి పంపిన వ్యాసాన్ని చూసిన వాళ్లు, ఇట్లాంటిది వేరే చోట వేరే రకంగా ముందే తెలిసిందేనన్నారు, అయినా ఈ రకంగా కొత్తదేనని వేసుకున్నారు. గొప్ప ఆవిష్కరణ కాదు. థీసిస్‌కు సరిపోయింది.

ఏడాదిన్నరకు వైవా పెట్టారు. మా దగ్గర వైవాకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్నలు కూడా అడగవచ్చు. నేను ఇంట్లో ఆ రెండో సంగతి చెప్పకుండా ఉండాల్సింది. రెండో వరుసలో అమ్మ, బాపు, అయ్యగారు, పెద్దబాపు ఉతికిన బట్టల్లో కూర్చున్నారు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు గంటసేపు నన్ను అడగాల్సినవన్నీ అడిగాడు. తర్వాత హాలు వైపు చూసి, ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాడు.

పెద్దబాపు లేచాడు.

"పన్నెండు బదులు పది పెడితె ఏమైతది?"

గైడ్‌గారు కళ్లు మూసుకున్నారు. పరీక్షకుడు మాత్రం కుర్చీలో నిటారుగా అయ్యాడు. "చాలా మంచి ప్రశ్న. అవును, పన్నెండే ఎందుకు? పది గుంటలైతే నీ తేలిక కణం తేలికగా మిగులుతుందా? బోర్డు మీద చూపించు."

చూపించాను. పదో మెట్టు పన్నెండో మెట్టు అంత చిన్నది కాదు కాబట్టి గుంటలు కొంచెం లోతవుతాయి, కణం కొంచెం బరువెక్కుతుంది, అయినా తేలికే. పావుగంట పట్టింది. సుద్దముక్క పెట్టేసి చివరి మాట చెప్పాను. "కాబట్టి పదితో కూడా ఆగుతుంది సార్."

"నేను గదే చెప్పిన!" అన్నాడు బాపు రెండో వరుసలోంచి, హాలంతా వినిపించేటట్టు.

పెద్దబాపు ఆయన చెయ్యి పట్టుకుని, "అవు తమ్మీ, అవు" అన్నాడు. పరీక్షకుడికి ఏమీ అర్థం కాలేదు గానీ నవ్వి సంతకం పెట్టేశాడు.

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆరాంఘర్ దాటాక అందరికీ సీట్లు దొరికాయి, తలా ఒక చోట. అమ్మ సంచిలోంచి జామకాయలు తీసి, ముందు సీట్లో అయ్యగారికి, వెనక సీట్లో పెద్దబాపుకు, అవతల సీట్లో బాపుకు చేతులు మార్చి మార్చి అందించింది. మధ్యలో ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్లు ఒకరినుంచి ఒకరికి అందించి, రెండు కాయలు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఎండ తగ్గి కిటికీలోంచి చల్లటి గాలి వస్తోంది. ఆ రోజంతా తినలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఉప్పుకారం తేలేదా?" అని బాపు అంత దూరం నుంచి అరిచాడు.

అమ్మ తెచ్చింది. కాగితం పొట్లం విప్పి, ముందు నాకు పెట్టింది.